పదకొండో గంట జవాబు

మూడో అంతస్తు, ఈతకొలను వెనక వీధి
మార్చి రెండోవారం

పీచూ,

ఉత్తరం చూసి కంగారుపడకు. నాకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నాను. ఫోను చేద్దామంటే నీ మాట నా చెవికెక్కదు, నా అరుపులు మాత్రం మీ వీధి చివరిదాకా వినిపిస్తాయి. అందుకని కాగితం. ఏడాదికో ఉత్తరం, అందులో నాలుగు ముక్కలు అని నువ్వు దెప్పేలోపే చెబుతున్నాను, ఈసారి విషయం ఉంది.

నా మీద సినిమా తీస్తున్నారు. నవ్వకు, నిజంగానే. జలసంధిని ఈది దాటిన మొట్టమొదటి ఆడమనిషి కథ అట. ఆ మనిషిని నేనేనని ఒక్కోసారి నాకే నమ్మకం కుదరదు. మొన్న మోకాళ్ళ నొప్పికి వెళితే కుర్ర డాక్టరు, "ఎప్పుడైనా వ్యాయామం చేసేవారా?" అని కాగితం మీద రాసి చూపించాడు. ఒకసారి ఆపకుండా పదిహేను గంటలు చేశానయ్యా అన్నాను. మందు మార్చి రాశాడు.

డైరెక్టరు ముప్ఫై దాటని అమ్మాయి. కళ్ళజోడు మొహంకన్నా పెద్దది. రోజూ వచ్చి ఎదురుగా కూచుని, పలక మీద ప్రశ్నలు రాసి చూపిస్తుంది. మన పాత పద్ధతి గురించి చెబితే ఎగిరి గంతేసింది. చలికి మతి తప్పుతోందో లేదో కనిపెట్టడానికి ఆరో గంట నుంచి నువ్వు గంటకోసారి మన ఇంటి సంగతి ఒకటి అడగడం, నేను నీళ్ళలోంచి జవాబు చెప్పడం, నువ్వు నోటుపుస్తకంలో సరి అనో తప్పు అనో రాయడం, తప్పయితే ముసలి కోచ్ నన్ను బయటికి లాగించడం. ఆ నోటుపుస్తకం నీ దగ్గరే ఉండాలి. పంపించు.

ఇంకొకటి, ఇందులో పెట్టిన కాగితం మీద సంతకం చెయ్యి. సినిమాలో నీ పాత్ర ఉంటుంది కనక నీకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. పదకొండో గంటలో నువ్వు ఏడుస్తూ పడవలోంచి చెయ్యి చాపడం, "వచ్చెయ్ అక్కా" అనడం, నేను తల తిప్పేసుకుని ఈదుకుంటూ పోవడం, అదే సినిమాకు ప్రాణమట. మనిషి చెయ్యి తగిలితే ఈత రద్దవుతుందని చెప్పేసరికి ఆ పిల్లకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అమ్మ పోయిన ఏడు కలిశాం. పదకొండేళ్ళయింది. పళ్ళ కార్ఖానా మూసేశావా, ఇంకా జనానికి పళ్ళు పెడుతూనే ఉన్నావా?

అక్క

* * *

రైలుగేటు పక్క ఇల్లు
మార్చి చివర

అక్కకు,

నీ ఉత్తరం అందేసరికి నా రెండు చేతులూ ప్లాస్టరులో ఉన్నాయి. ఒక పెద్దాయన దవడకు అచ్చు పోస్తున్నాను. మా ఆయనే కవరు చింపి పైకి చదివాడు. సినిమా అన్న మాట రాగానే కుర్చీలోంచి లేచి, "అయితే నా వేషం ఎవరు వేస్తున్నారు?" అన్నాడు. ఆ ఈత నాటికి మీరెవరో నాకు తెలియదు కదండీ అంటే చిన్నబుచ్చుకుని టీ కూడా తాగలేదు.

కార్ఖానా మూయలేదు. కట్టుడుపళ్ళు చేసేవాళ్ళు తగ్గిపోయారు, ఊడగొట్టుకునేవాళ్ళు తగ్గలేదు. ముగ్గురు డాక్టర్లు నా దగ్గరికే పంపుతారు.

సినిమా సంగతి సంతోషం. మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. నీళ్ళలో నువ్వు పడ్డ కష్టం కొత్తవాళ్ళకు తెలియాలి.

నోటుపుస్తకం దొరకలేదు. ఈ ఇంటికి మారేటప్పుడు పోయినట్టుంది. తడిసి ఉబ్బిపోయిన పుస్తకం, ఎవరో చెత్త అనుకుని పారేసి ఉంటారు.

కాగితం చదివాను. సంతకానికి తొందరేముందిలే. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ చెయ్యి సీను ఉండి తీరాలా? పండ్లు కోసే గెడకు అమ్మ కుట్టిన గుడ్డసంచి తగిలించి, అందులో పంచదార నీళ్ళ సీసా పెట్టి నీకు అందించేదాన్ని కదా. నువ్వు వెల్లకిలా తేలుతూ తాగి సీసా విసిరేసేదానివి. ఒకసారి కోచ్ నెత్తికే తగిలింది. అది చూపించినా బాగుంటుంది.

నీ భుజాలు ఎలా ఉన్నాయి? గుండ్రాయి అంటే సరిపోదు, వివరంగా రాయి.

చెల్లెలు

* * *

మూడో అంతస్తు, ఈతకొలను వెనక వీధి
మే మొదటివారం

పీచూ,

"ఉండి తీరాలా" అంటే ఏమిటి? నలభై నాలుగేళ్ళుగా జనం చెప్పుకుంటున్న సంగతి ఇవాళ నీకు చేదయిందా? సీసా కోచ్ నెత్తికి తగలడం చూడటానికి ఎవరొస్తారే?

షూటింగు మొదలైంది. ఒక పాత గోడౌనులో నీళ్ళతొట్టి కట్టారు. నలుగురు మనుషులు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చెక్కలతో తోస్తే అవే అలలు. నా వేషం వేసే అమ్మాయికి నీళ్ళంటే చచ్చే భయం. మొదటిరోజు గట్టు మీద కూచుని పాదాలు తడుపుకుని, "ఇవాళ్టికి చాలండీ" అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా పదిరోజులు దగ్గరుండి నీళ్ళలో బుడగలు ఊదించాను. ఇప్పుడు తేలుతోంది. దాని బదులు చేతులు వేసి ఈదేది మాత్రం వేరే పిల్ల.

నీ వేషం వేసే పిల్లను చూస్తే నువ్వు నోరు తెరుస్తావు. అవే పుల్లల్లాంటి చేతులు, అలాగే కింది పెదవి కొరుక్కోవడం. దాన్ని పడవలో కూచోబెట్టి చెయ్యి చాపించారు. పద్నాలుగుసార్లు. ప్రతిసారీ నిజంగానే ఏడ్చింది పాపం. పదిహేనోది తీసేటప్పుడు నేను బయటికొచ్చి కూచున్నాను. లోపల ఉక్కగా ఉంది, అందుకని.

నువ్వు సంతకం పెట్టకపోతే సినిమాలో నాకు చెల్లెలే ఉండదట. ఆ చెయ్యి పడవవాడిది చేసి మళ్ళీ తీస్తారట. ఆ గడ్డంవాడు నీకన్నా బాగా ఏడుస్తాడనుకున్నావా? మారు మాట్లాడకుండా పెట్టి పంపు.

భుజాలకేం, ఉన్నచోటే ఉన్నాయి. జుట్టు పూర్తిగా కత్తిరించేశాను. దువ్వుకునే పని తప్పింది, హాయిగా ఉంది.

అక్క

* * *

రైలుగేటు పక్క ఇల్లు
జూలై

అక్కకు,

రెండు నెలలు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటు. ఇక నావల్ల కాలేదు.

పోయిన ఆదివారం పత్రికలో నీ ఇంటర్వ్యూ వచ్చింది, పక్కన షూటింగు ఫొటో. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు, కూడబలుక్కోకుండా చదువుతుంది. చదివి నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, వచ్చెయ్యమని ఏడ్చింది నువ్వేనా? ఆ అమ్మమ్మ నీ మాట విని ఉంటే ఓడిపోయేది కదా!" అంది. అది తప్పుగా అనలేదు. అందులో ఉన్నదే అంది. నేను మైనం కరిగిస్తున్నాను. చెయ్యి కాలింది.

అక్కా, నీకు తెలియని సంగతులు కొన్ని చెబుతాను. నన్ను చూడటానికొచ్చిన మా అత్తగారు మొట్టమొదట అన్న మాట, "ఏడ్చిన పిల్ల ఈ పిల్లేనా?" అని. పనిలో చేరిన రోజు మా పాత యజమాని, "ఇక్కడ పళ్ళు పీకరు, తయారుచేస్తారంతే. ఏడవనక్కర్లేదు" అని అందరి ముందూ జోకు వేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇరవై ఏళ్ళు ఆ కార్ఖానాలో నా పేరు ఏడుపు చెల్లెలే. నేను ఎవరితోనూ కాదనలేదు. మా ఆయనతో కూడా అనలేదు.

ఇప్పుడు నీతో అంటున్నాను. నేను చెయ్యి చాపలేదు. ఏడవలేదు. "వచ్చెయ్" అనలేదు. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో పెన్సిలు గట్టిగా పట్టుకుని కూచున్నాను. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన కోచ్ పోయాడు.

సంతకం పెట్టను. చెయ్యి పడవవాడికే ఇచ్చుకోండి.

చెల్లెలు

* * *

మూడో అంతస్తు
జూలై, నీ ఉత్తరం అందిన రోజే

చాపలేదు. నిజమే. ఎవరు కాదన్నారు?

చాపలేదని తెలిసీ చాపావని లోకమంతా చెప్పాను. నిన్ను ఉన్నదానికన్నా మంచిదాన్ని చేసి చూపించాను. దానికి కూడా ఏడుపేనా?

అక్క

* * *

రైలుగేటు పక్క ఇల్లు
ఆగస్టు

అక్కా,

"ఉన్నదానికన్నా మంచిదాన్ని" అన్నావు. నీకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. ఈ ఉత్తరంతో తెలుస్తుంది. నోటుపుస్తకం పోలేదు, అబద్ధం చెప్పాను. నా పాత పెట్టెలో అడుగున ఉంది. దీనితోపాటే పంపుతున్నాను. పదకొండో గంట పేజీ తెరిచి పెట్టుకుని ఇది చదువు.

ముందు ఆ వెనకటి ఏడు సంగతి చెప్పాలి. నీ మొదటి ఈత. తొమ్మిదో గంటలో నాన్న సైకిలు రంగేమిటని అడిగితే "గురువారం" అన్నావు. నేను తప్పు అన్నాను, కోచ్ నిన్ను లాగించాడు. మర్నాటికి తేరుకుని, నాకు మతి బాగానే ఉంది, ఇదే నా ఈత నాశనం చేసింది అన్నావు. ఇద్దరి మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీశావు. ఐదు నెలలు, అక్కా. ఒకే గదిలో ఐదు నెలలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అమ్మతో చెప్పి నాకు చెప్పించేదానివి. దుప్పటికి ఇవతల పడుకుని నీ దగ్గు వింటూ ఉండేదాన్ని. అప్పుడు నాకు పద్దెనిమిది. నువ్వు తప్ప నాకు స్నేహితులు కూడా లేరు.

మరుసటి ఏడు మళ్ళీ పడవ ఎక్కాను. పదో గంట దాకా నీ జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. పదకొండో గంటకు నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. గాలి ఎదురైంది. నీ పెదాలు నీలంగా ఉన్నాయి. ఈత నియమం ప్రకారం సాగుతోందో లేదో చూడటానికి వచ్చిన పరిశీలకుడు ఇంజను పక్కనే కూచున్నాడు, ఆ మోతకు ఆయనకు ఏమీ వినపడదు. కోచ్ తువ్వాలు నెత్తిన కప్పుకుని వెనక కూచున్నాడు. నేను వంగి, "అమ్మ కుట్టుమిషను ఏ గదిలో ఉంది?" అని అడిగాను.

నువ్వు "వంటింట్లో" అన్నావు.

అమ్మ మిషను ముందు గదిలో కిటికీ కింద ఉండేది. నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. ఆ చప్పుడులోనే మనం నిద్రపోయేవాళ్ళం. ఆ జవాబు తప్పని తెలిసింది పడవలో నాకొక్కదానికే.

కోచ్ "ఏమందమ్మా?" అన్నాడు. నాకు నువ్వు కనపడలేదు అక్కా, ఆ దుప్పటి కనపడింది. "ముందు గది అంది, సరే" అని గట్టిగా అన్నాను. అలాగే రాశాను. చూడు, అక్షరాలు ఎంత చక్కగా ఉన్నాయో.

నేను సముద్రానికి భయపడలేదు, నువ్వు చచ్చిపోతావేమోనని కూడా భయపడలేదు. నీ కోపానికి భయపడ్డాను. మతి తప్పుతోందని తెలిసీ నిన్ను ఇంకో నాలుగు గంటలు నీళ్ళలో ఉంచాను. తర్వాత ఎన్ని ప్రశ్నలడిగినా నువ్వు నోరు విప్పలేదు, చెయ్యెత్తి ఊపావంతే. దాన్నే సరి అని రాశాను. ఆ నాలుగు గంటలూ నీ చెయ్యి నీళ్ళలోంచి లేచినప్పుడల్లా బతికే ఉంది అనుకున్నాను. అది మళ్ళీ లేచేదాకా నాకు ఊపిరి లేదు.

నువ్వు ఒడ్డుకు చేరావు. నిన్ను జనం భుజాల మీద ఎత్తుకున్నారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. తర్వాత చెవులు పోవడం మొదలైంది. ఫోనులో నువ్వు "ఆఁ? ఆఁ?" అన్నప్పుడల్లా ఇది నా పనే అనుకునేదాన్ని. అందుకే ఫోను మానేశాను. అందుకే రావడం కూడా మానేశాను. నువ్వు చెయ్యి కథ చెప్పినప్పుడల్లా ఊరుకున్నది మంచితనంతో కాదు. ఏడుపు చెల్లెలు అనిపించుకోవడం నాకు తగిన శిక్షే అనుకున్నాను.

మనవరాలు అడిగిన రోజున మాత్రం తట్టుకోలేకపోయాను.

పుస్తకం నీ ఇష్టం. సినిమావాళ్ళకిస్తావో, పొయ్యిలో పెడతావో.

పీచు

* * *

మూడో అంతస్తు, ఈతకొలను వెనక వీధి
సెప్టెంబరు చివర

పీచూ,

దస్తూరీ చూసి హడలిపోకు. చేతికి చిన్న దెబ్బ తగిలింది. నేను చెబుతుంటే డైరెక్టరు పిల్ల రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేసింది. నీతో చెప్పాల్సింది దానితోనూ చెప్పాలి కనక రెండు పనులూ ఒకేసారి కానిస్తున్నాను. రెండుసార్లు చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నువ్వు రోజూ గేటు దగ్గర పోస్టుమాన్ కోసం చూసి ఉంటావు. చూడనీ అనుకున్నాను మొదట. తర్వాత సిగ్గేసింది.

అమ్మ మిషను ముందు గదిలో కిటికీ కింద ఉండేదని నాకు తెలుసే. ఆ రోజు నీళ్ళలో కూడా తెలుసు. మిషను మీద అమ్మ వేసే పచ్చగళ్ళ గుడ్డ కూడా కళ్ళకు కట్టినట్టే ఉంది. కావాలనే వంటింట్లో అన్నాను.

ఈ పిల్ల కలం ఆపి నావంక చూస్తోంది. రాయవే, ఒట్టేశావుగా.

నాకు చాలైపోయింది, పీచూ. పదో గంటకే అయిపోయింది. చేతులు నావి కావు అన్నట్టున్నాయి. ఒడ్డు రావడం లేదు. నన్ను తీసెయ్యండి అని ఒక్క మాట అంటే పడవలోకి లాగేవాళ్ళు. ఆ మాట నా నోటికి రాలేదు. అంతకుముందు ఏడు నిన్ను ఐదు నెలలు ఏడిపించినదాన్ని, ఏ మొహంతో అంటాను? తప్పు జవాబు చెబితే చలికి మతి తప్పింది పాపం అని వాళ్ళే లాగేస్తారు, నా పరువు దక్కుతుంది అనుకున్నాను. అమ్మ మిషనంత తెలిసిన సంగతి తప్పు చెబితే నువ్వు ఇట్టే పట్టేస్తావని ఎదురుచూశాను.

నువ్వు కోచ్‌తో "ముందు గది అంది" అనడం విన్నాను. అప్పుడు నా చెవులు బాగానే ఉండేవి.

నేను చస్తున్నానని తెలిసీ రికార్డు కోసం నా చెల్లెలు నన్ను ముందుకు తోసింది అనుకున్నాను. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే ఆ నాలుగు గంటలూ ఆ కోపంతోనే ఈదాను. నీతో మాట్లాడబుద్ధి కాలేదు, అందుకే చెయ్యెత్తి ఊపాను. ఒడ్డుకు చేరింది నా బలంతో కాదు, నిన్ను తిట్టుకుంటూ.

ఆసుపత్రిలో విలేఖరి మొదటి ప్రశ్నే, "మధ్యలో మానేద్దామనిపించిందా?" అని అడిగాడు. అనిపించింది అనలేకపోయాను. మా చెల్లెలు ఏడుస్తూ చెయ్యి చాపింది, నేను పట్టుకోలేదు అన్నాను. సగం నా సిగ్గు కప్పుకోవడానికి. సగం నీ మీద కసితో. ఆ మాట విన్నప్పుడల్లా నువ్వు ఇవ్వని చెయ్యి నీకు గుర్తురావాలని. నలభై నాలుగేళ్ళు నిన్ను అలా గుచ్చుతూ వచ్చాను. నువ్వు దుప్పటికి భయపడి అలా చేశావని నాకు తెలియదు. ఆ దుప్పటి కట్టింది నేనే కదా.

గోడౌనులో ఆ పిల్ల పద్నాలుగుసార్లు చెయ్యి చాపితే బయటికొచ్చి కూచున్నానని రాశాను చూడు, ఉక్కకు కాదు. ఆ రోజు నువ్వు ఒక్కసారి అలా చాపి ఉంటే ఎగిరి పట్టుకునేదాన్ని. పట్టుకుని ఉంటే ఇవాళ సినిమా లేదు, నేను ఎవరికీ తెలియను. అది బాగుండేదో ఇది బాగుందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

చెవుల సంగతి. ఆ చలికే పోయాయో, ముప్ఫై ఏళ్ళు కొలనులో పిల్లలకు ఈత నేర్పితే పోయాయో డాక్టర్లకే తెలియదు. నువ్వు నెత్తిన వేసుకోవద్దు.

అక్క

(అమ్మా, నేను డైరెక్టరును. చెప్పింది చెప్పినట్టే రాశాను, ఈ కింది ముక్కలు మాత్రం నావి. చెయ్యి సీను తీసేస్తున్నాను, దాని బదులు మీ ప్రశ్న, ఆ జవాబు, మీరు "సరే" అనడం తీస్తాను. నిర్మాత గొడవ పడుతున్నారు, పడనివ్వండి. ఇంకో సంగతి. చిన్న దెబ్బ కాదమ్మా. ఆవిడ మూడువారాల కింద మెట్ల మీద పడిపోయారు, మణికట్టు విరిగింది. అంతకుముందు నుంచే భుజాలు పైకి లేవడం లేదు, చొక్కా గుండీలు పెట్టుకోలేరు. మేం ఎవరం అడిగినా గుండ్రాయిలా ఉన్నానంటారు. మీతో చెప్పానని తెలిస్తే నన్ను చంపేస్తారు.)

* * *

రైలుగేటు పక్క ఇల్లు
అక్టోబరు

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చేతిలో ఉన్న పైదవడ నేలకేసి కొట్టాను. నాలుగు పళ్ళు ఎగిరిపోయాయి. ఎవరివో పాపం, మళ్ళీ చేశాను. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి నిజంగానే ఏడ్చాను. లోకం ఇన్నాళ్ళూ ఏడుపు చెల్లెలు అన్నది ఇవాళ్టికి నిజమైంది. మా ఆయన ఏమైందో తెలియక నీళ్ళు ఇస్తూ, "సినిమా ఆగిపోయిందా?" అన్నాడు.

నిన్ను చంపబోయానని నేనూ అనుకున్నాను, నువ్వూ అనుకున్నావు. ఇద్దరం ఒకే తప్పు నా నెత్తినే రుద్దుతూ కూచున్నాం. ఒక్కసారి ఆ వంటిల్లేమిటే అని నేను అడిగి ఉంటే, ముందు గదేమిటే అని నువ్వు అడిగి ఉంటే! నాకు నీ మీద కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే మళ్ళీ అబద్ధం రాసినదాన్నవుతాను.

సంతకం పెట్టాను, ఇందులో ఉంది. సినిమా వచ్చేదాకా ఆగకుండా మనవరాలికి నేనే చెప్పాను. అది విని, "అయితే నువ్వు కూడా గెలిపించావు, కానీ అబద్ధమాడి" అంది. అదీ తప్పుగా అనలేదు. "సరే" అన్నప్పుడు నా మొహం ఎలా ఉందని మీ డైరెక్టరు అడుగుతుంది, తెలుసు. పుస్తకంలోకి వంచుకుని ఉన్నాను, నాకే తెలియదు. నా వేషం వేసే పిల్లను ఏడవనివ్వకు, అంతే.

ఇక నీ సంగతి. ఎవరు చెప్పారని అడగకు. మణికట్టు విరిగిందని, గుండీలు పెట్టుకోలేకపోతున్నావని నాకు తెలుసు. జుట్టు ఎందుకు కత్తిరించావో కూడా ఇప్పుడు అర్థమైంది. ఎలా ఉన్నావని అడిగితే గుండ్రాయి అంటావు. రమ్మంటే రానంటావు. నన్ను తీసుకెళ్ళు అనే మాట నీ నోటికి ఆనాడు రాలేదు, ఈనాడూ రాదు.

అందుకని మన పాత పద్ధతే. మా ముందు గది ఖాళీ చేయించాను. పళ్ళబల్ల వెనక్కి జరిపాం. ఇంటికి మెట్లు లేవు, కిటికీ ఉంది. ఇక్కడ ఎవరూ దుప్పట్లు కట్టరు. నేను ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు నీ చేత్తో నువ్వే రాయి, ఎంత వంకరగా ఉన్నా సరే. సరైన జవాబు వచ్చిందా, నీ జోలికి రాను, ఈ సంగతి మళ్ళీ ఎత్తను. తప్పు జవాబు వచ్చిందా, ఆ మర్నాడే బండెక్కి వచ్చి చెయ్యి పట్టి లాగేస్తాను. ఈసారి ఎవరు ఏమందని అడిగినా తప్పు అనే చెబుతాను.

అమ్మ కుట్టుమిషను ఏ గదిలో ఉంది?

పీచు

* * *

మూడో అంతస్తు
అక్టోబరు

పీచూ,

వంటింట్లో.

అక్క